నడిమి కుట్టు

ఆ ఆదివారం నేను చేయాల్సిన పనులు ఇవి. పొద్దున్నే లాండ్రీకి వెళ్లి భోజనాల గదిలో బల్లలు గోడకు జరపాలి. బోర్డు తడిగుడ్డతో తుడవాలి. మేనేజరుగారి గదిలోంచి సుద్దముక్కలు తెచ్చుకోవాలి. 'టేక్' అనే ఇంగ్లీషు క్రియకు ఉన్న వాడుకలు రాసుకున్న కాగితం ఇంట్లో మర్చిపోకూడదు. క్లాసులో అమ్మను అమ్మా అని పిలవకూడదు. హోటలువాళ్ల దుప్పట్లు ఎత్తుకుపోతున్నది ఎవరో కనిపెట్టాలి.

చివరి పని నేను అనుకున్నది కాదు. మేనేజరుగారు చేర్చింది.

మా ఇంట్లో డిగ్రీ దాకా వచ్చినదాన్ని నేనే. మా అమ్మ ఆ లాండ్రీలో మడతల బల్ల దగ్గర పనిచేస్తుంది. నేను బడికి పోవడం మొదలుపెట్టకముందు నుంచీ ఆమెది అదే బల్ల. ఈమధ్య లాండ్రీకి ఒక పెద్ద హోటలు పని దొరికింది. వాళ్లు పంపే చీటీలన్నీ ఇంగ్లీషులో ఉంటాయి. ఆదివారాలు పనివాళ్లకు ఆ నాలుగు ముక్కలూ నేర్పమని, మిగతా రోజుల్లో వచ్చి చీటీలు చదివిపెట్టమని మేనేజరుగారు నన్ను పిలిచారు. పని నచ్చితే ఆఫీసులో కూర్చుని హోటలుతో ఉత్తరాలు నడిపే ఉద్యోగం ఇస్తానన్నారు. ఆ మాట విన్న రోజు అమ్మ, ఉతికిన నా చున్నీనే తీసి మళ్లీ ఉతికింది.

మేనేజరుగారు చెడ్డమనిషి కాదు. కాకపోతే ఎవరితో మాట్లాడినా ఆయన చూపు ఎదుటివాళ్ల చేతుల మీదే ఉంటుంది, మొహం మీద ఉండదు. తన టీకప్పు ఎవరైనా మార్చేస్తారని దాని పిడికి దారం చుట్టుకున్నారు.

"హోటలు దుప్పట్లు తక్కువొస్తున్నాయమ్మా. అడిగితే ఒక్కరూ నోరు విప్పరు" అన్నారు ఆయన, ముందురోజు నన్ను గదిలోకి పిలిచి. "ఈ వారం నువ్వు 'టేక్' చెప్పు. తీసుకోవడం గురించి తలా ఒక వాక్యం చెప్పించు. మనసులో దొంగతనం ఉన్నవాళ్లు ఆ మాట దగ్గర తడబడతారు. ఎవరో చూసి నాకు చెప్పు, చాలు."

"మా అమ్మ కూడా క్లాసులో ఉంటుంది సార్."

"తెలుసు. నీ మీద నమ్మకం ఉండబట్టే చెప్తున్నా."

నేను గుమ్మం దాటగానే ఆయన సొరుగుకు తాళం వేసుకున్న చప్పుడు వినిపించింది.

క్లాసులో ముందు వరస గుండీలక్కది. చొక్కాలకు ఊడిన గుండీలు కుట్టడం ఆమె పని. ఆమె నోరు మాత్రం ఇంతవరకు ఎవరూ కుట్టలేకపోయారు. పక్కన మా అమ్మ. వెనక ఉతికే సెక్షనువాళ్లు. అందరికన్నా వెనక, గోడవారన, ఆవిరి పెద్దమ్మ. నాకు ఆమె వరసకు ఏమీ కాదు, లాండ్రీలో అందరికీ పెద్దమ్మే. ఇస్త్రీ బల్ల దగ్గర ఆవిరిలో కనిపించీ కనిపించక ఉంటుంది కాబట్టి ఆ పేరు. బాయిలర్ వెనక లాండ్రీవాళ్లు ఇచ్చిన చిన్న గదిలో ఒక్కతే ఉంటుంది. పని ఉన్నన్నాళ్లే ఆ గది.

"టేక్ అంటే తీసుకోవడం" అని మొదలుపెట్టాను. "కానీ అక్కడితో ఆగదు. స్నానం చేయడానికీ టేక్. ఫొటో తీయడానికీ టేక్. మందు వేసుకోవడానికి, బస్సు ఎక్కడానికి, పరీక్ష రాయడానికి, కుర్చీలో కూర్చోవడానికి కూడా టేకే."

గుండీలక్క చెయ్యెత్తింది. "అదేంటమ్మా, చేయడం, తీయడం, వేసుకోవడం, ఎక్కడం, రాయడం... మనం ఇన్ని మాటలు పెట్టుకుంటే వాళ్లు ఒక్కదాన్నే ఉతికి ఉతికి కట్టుకుంటున్నారా?"

"టైం పడుతుంది అనడానికీ అదే అక్కా."

"పట్టడం కూడానా! పాపం, ఆ మాటకి ఆదివారమన్నా సెలవుందా, మనలాగేనా?"

గదంతా నవ్వింది. నాకు నవ్వు రాలేదు. నవ్వుతున్నవాళ్ల చేతుల వంక చూస్తున్నాను. మేనేజరుగారి చూపు నాకూ అంటుకుందని అప్పుడు తెలిసింది.

తలా ఒక వాక్యం చెప్పమన్నాను. ఉతికే సెక్షనులో ఒకామె "ఐ టేక్ బస్" అంది. ఇంకొకామె "ఐ టేక్ టీ" అంది. గుండీలక్క నడుం మీద చేతులు పెట్టుకుని లేచి, "ఐ టేక్ రెస్ట్" అంది.

"ఎప్పుడు తీసుకున్నావే?" అంది మా అమ్మ.

"వాక్యంలోనన్నా తీసుకోనివ్వు వదినా!"

తర్వాత అమ్మ వంతు. లేచి నిలబడి "ఐ టేక్..." అని గుండీలక్క వంక చూసింది. గుండీలక్క నేలవంక చూసింది. "బ్యాగ్. ఐ టేక్ బ్యాగ్" అని అమ్మ గబుక్కున కూర్చుంది. కాళ్ల దగ్గరున్న సంచీని పాదంతో బల్ల కిందికి తోసింది.

నేను బోర్డు వైపు తిరిగి ఆ వాక్యం రాశాను.

పెద్దమ్మను బోర్డు దగ్గరికి రమ్మంటే రానంది. కుడిచేతిని ఎడమచేత్తో పట్టుకుని ఒడిలో పెట్టుకుంది. కూర్చున్నచోటి నుంచే అడిగింది, "టీచరమ్మా, పనిలోంచి తీసేయడానికి కూడా ఇదే మాటా?"

"కాదు పెద్దమ్మా. దానికి వేరే మాట ఉంది."

"పోనీలే. అదొక్కటన్నా వదిలిపెట్టింది."

నా కాగితం మీద ఇంకొక వాడుక మిగిలి ఉంది. తప్పును తన మీద వేసుకోవడానికీ ఇంగ్లీషులో టేకే వాడతారు. అది నేను చెప్పలేదు. చెప్తే ఎవరి మొహం మారుతుందో చూడాల్సి వస్తుంది, ఆ మొహం మా అమ్మదైతే ఏం చేయాలో నాకు తెలియదు.

ఇంటికి వెళ్లేటప్పుడు, "సంచీ ఇలా ఇవ్వమ్మా, నేను పట్టుకుంటా" అన్నాను. చిన్నప్పటి నుంచీ ఆ సంచీ మోసేది నేనే.

"వద్దులే. బరువేం లేదు" అంది.

సంచీ పట్టీ ఆమె భుజంలోకి దిగిపోయి ఉంది. జిప్పు చివర తెల్లగుడ్డ అంచు కనపడుతోంది.

ఇంకో సంగతి కూడా నన్ను పీకుతోంది. కొన్నాళ్లుగా అమ్మ తెల్లారకముందే లేచి గుండీలక్క ఇంటికి పోతోంది. ఎందుకని అడిగితే, ఆమె కుట్టుమిషను పాడైందట, బాగుచేయడానికి సాయం పడుతున్నానంటుంది. మా అమ్మది చేతికుట్టు. మిషనులో నూనె ఎక్కడ పోయాలో కూడా ఆమెకు తెలియదు.

మర్నాడు వెనకే వెళ్లాను. గుండీలక్క ఇల్లు మా సందు మలుపులోనే. కిటికీ సగం తెరిచి ఉంది. ఇద్దరూ చాప మీద కూర్చుని ఉన్నారు, ఇద్దరి ఒళ్లోనూ పరుచుకుని ఒకే తెల్ల దుప్పటి. గుండీలక్క కత్తెరతో అంచు దగ్గర చిన్న గాటు పెట్టింది. అమ్మ ఒక కొస పట్టుకుంది. చర్రుమని గుడ్డ చిరిగిన చప్పుడు వినపడింది.

అక్కడితో నాకు అంతా అర్థమైపోయిందనుకున్నాను. దుప్పట్లు తెచ్చి చింపి దిండు గలీబులు కుట్టి ఎక్కడో ఇస్తున్నారు. నన్ను చదివించిన చేతులు దొంగచేతులు. కిటికీ కింద నిలబడే ఓపిక లేక వెనక్కి వచ్చేశాను. ఆ రోజు మేనేజరుగారు "ఏమైనా తేలిందా?" అంటే, "ఇంకా లేదు సార్" అన్నాను. ఆయన నా చేతుల వంక చూశారు. వాటిని వెనక్కి పెట్టుకున్నాను.

నేను చెప్పకపోయినా వారం మధ్యలో విషయం బయటపడింది. పొద్దున పనికి వస్తున్న అమ్మ సంచీని గేటు దగ్గర వాచ్‌మన్ విప్పించాడు. అందులో హోటలు దుప్పటి ఉంది. వాచ్‌మన్ తల గోక్కుంటూ ఆమెను మేనేజరుగారి గదికి తీసుకొచ్చాడు. చీటీలు చదివిపెట్టడానికి వెళ్లిన నేను అక్కడే ఉన్నాను.

"సార్, బయటికి పట్టుకుపోయేవాళ్లను చూడమన్నారు. ఈవిడేమో లోపలికి తెస్తోంది. పట్టుకోవాలా, వదలాలా?"

"పట్టుకోవాలి" అన్నారు మేనేజరుగారు. దుప్పటిని బల్ల మీద పరిచారు. "చూడు. నిట్టనిలువునా మధ్యలో కుట్టుంది. ఇలాంటిదే మొన్న హోటలువాళ్లు తిప్పి పంపారు. కొత్తవి తీసుకుపోయి, ఎక్కడివో పాతవి అతికి తెచ్చి పెడుతున్నారన్నమాట. ఎవరెవరు చేస్తున్నారు?"

"తీసుకెళ్లింది నేనే. తెచ్చింది నేనే" అంది అమ్మ.

"ఒక్కదానివే?"

అమ్మ ఖాళీ సంచీకి జిప్పు వేసింది.

ఆయన నావైపు తిరిగారు. "ఆదివారం క్లాసుకి నేనే వస్తాను. అప్పటిలోగా మిగతావాళ్ల పేర్లు నువ్వే చెప్పు. చెప్పకపోతే సోమవారం నుంచి మీ అమ్మ రానక్కర్లేదు. నీ ఆఫీసు ఉద్యోగం సంగతి నేను వేరే చెప్పక్కర్లేదనుకుంటా."

బయట ఫోను మోగితే ఆయన లేచి వెళ్లారు. నేను దుప్పటి దగ్గరికి జరిగాను. ఇది ఎక్కడిదో పాత దుప్పటి అని నన్ను నేను నమ్మించుకోవాలని చూశాను. కానీ మా లాండ్రీలో హోటలు దుప్పట్లన్నిటికీ కాళ్లవైపు ఒక మూలన ఎర్రదారంతో గుర్తు కుడతారు. ఈ దుప్పటికీ ఆ గుర్తు ఉంది. మూలన కాదు, కాళ్లవైపే నడిమధ్యన, ఆ కుట్టుకు ఆనుకుని ఉంది. మూలన ఉండాల్సిన గుర్తు మధ్యకు ఎలా వస్తుంది? దుప్పటిని నిలువునా రెండుగా చించి, బయటి అంచులు రెండూ లోపలికి తెచ్చి కలిపి కుడితే వస్తుంది. అప్పుడు మధ్యలో ఉన్నది బయటి అంచులకు పోతుంది.

మధ్యలో ఏముండేది?

రెండు పక్కల అంచులూ పట్టుకుని దగ్గరికి లాగాను. ఒక అంచున సగం గోధుమరంగు మచ్చ, రెండో అంచున మిగతా సగం. రెండూ కలపగానే ఇస్త్రీపెట్టె అడుగు ఆకారం, ముందు మొనతో సహా, పూర్తిగా వచ్చింది.

అమ్మ అరచెయ్యి తెచ్చి దాని మీద మూసింది.

"మడతెయ్యి" అంది. "ఆయన వస్తున్నాడు."

మధ్యాహ్నం దండేల దగ్గర, ఆరేసిన తువ్వాళ్ల మధ్య నిలబడి అమ్మ చెప్పింది. "దుప్పట్లు ఇస్త్రీచేసే రోలరు చెడిపోయి ఎన్నాళ్లైందో నీకూ తెలుసు. బాగుచేయిస్తానని ఆయన అంటూనే ఉన్నాడు. హోటలు దుప్పట్లన్నీ పెద్దమ్మ చేత్తోనే. ఆమెకి ఈమధ్య పిడికిలి బిగిస్తే వెంటనే విచ్చుకోవట్లేదు. పెట్టె ఎత్తాలని మనసుకి తెలుస్తోంది, చేతికి తెలియట్లేదు. దుప్పటి పరిస్తే ఆమె ఎప్పుడూ నడిమి నుంచి మొదలుపెట్టి అంచులకి తోస్తుంది. అందుకే మాడేది ఎప్పుడూ నడుమే. అంచులకి తిప్పేస్తే పరుపు కిందికి పోతుంది, ఎవరికీ కనపడదు."

"గుర్తు మధ్యలోకి వస్తుందని చూసుకోలేదా?"

"పరుపు మీద పరిచిన దుప్పటికి గుర్తు ఎక్కడుందో ఎవరు చూస్తారనుకున్నాం? గుండీలక్క గుర్తు విప్పి మళ్లీ మూలన కుడదామంది. తెల్లారేలోగా అంత తీరిక ఎక్కడుంది?"

"నాతో చెప్పొచ్చు కదమ్మా."

అమ్మ ఒక తువ్వాలును దులిపి మళ్లీ దండెం మీద వేసింది. "క్లాసులో నువ్వు అందరి చేతులూ చూస్తుంటివి. ఎవరు చూడమంటే చూస్తున్నావో మాకు తెలియదనుకున్నావా? నీ ముందు నోరు విప్పాలంటే గుండీలక్కే భయపడింది. ఆ గుండీలక్కే!"

అంటే నేను వాళ్లను అనుమానిస్తున్నంతసేపూ వాళ్లూ నన్ను అనుమానిస్తూనే ఉన్నారు.

"నన్ను దొంగననుకున్నావా?" అంది అమ్మ ఉన్నట్టుండి.

నేను పక్కనున్న తువ్వాలు అంచు లాగి సరిచేశాను.

"అనుకునే ఉంటావులే. ఇంత డిగ్రీ చదివించాక ఆమాత్రం అనుమానం కూడా రాకపోతే ఎలా?" అంది. నవ్విందో లేదో తువ్వాలు అడ్డమొచ్చి కనపడలేదు. తర్వాత గొంతు తగ్గించి, "పెద్దమ్మ పేరు మాత్రం చెప్పకు. నాకు ఇంకోచోట మడతల బల్ల దొరుకుతుంది. ఆమెకి ఆ గది దొరకదు" అంది.

ఆదివారం మేనేజరుగారు నిజంగానే వచ్చారు. వెనక వరసలో, పెద్దమ్మ పక్కనే ఖాళీ ఉంటే అక్కడే కూర్చున్నారు. ఆ రోజు ఎవరూ జోకులు వేయలేదు. బల్ల చప్పుడైనా ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. గుండీలక్క సూదికి దారం ఎక్కించేటప్పుడు పెట్టే మొహం పెట్టుకుని నన్నే చూస్తోంది.

"పేర్లు చెప్తావా?" అన్నారు మేనేజరుగారు.

"దొంగతనం జరగలేదు సార్" అన్నాను. "దుప్పట్లన్నీ మీవే. కొన్ని వచ్చేశాయి, కొన్ని వస్తాయి. అంతకుమించి నేను చెప్పను."

"చెప్పవా, తెలియదా?"

"చెప్పను సార్."

ఆయన మొహం బిగుసుకుంది. "సరే. అయితే ఒక్కొక్కరూ బోర్డు దగ్గరికొచ్చి ఆ మాట రాసి, వాక్యం చెప్పండి. నేనే చూసుకుంటాను." ఆయన మళ్లీ అందరి చేతుల వంక చూడటం మొదలుపెట్టారు.

ముందు వరస నుంచి మొదలుపెడదామని గుండీలక్క లేవబోయింది. ఈలోగా వెనక నుంచి పెద్దమ్మ లేచింది. బల్లల మధ్య నుంచి నెమ్మదిగా వస్తుంటే అమ్మ ఆమె కొంగు పట్టుకుంది. పెద్దమ్మ ఆ కొంగును విడిపించుకుని బోర్డు దగ్గరికి వచ్చి నా చేతిలో సుద్దముక్క తీసుకుంది. కుడిచేత్తోనే తీసుకుంది. ఆ నాలుగు అక్షరాలూ రాయడానికి చాలాసేపు పట్టింది. ఒక్కొక్క అక్షరం ఒక్కొక్కవైపు ఒరిగింది. రాయడం అయిపోయినా చెయ్యి బోర్డు మీద నుంచి దిగలేదు.

"ఐ టేక్..." అంది. ఆగి నావైపు తిరిగింది. "టీచరమ్మా, తప్పుని ఏమంటారు?"

నాకు తెలిసిన మాటే. క్లాసులో చెప్పకుండా దాచుకున్న వాడుకలోదే. అది అందిస్తే ఆమె గది పోతుంది. అందించకపోతే ఆమె తెలుగులోనైనా చెప్పేస్తుంది, అది ఆమె కళ్లలో కనపడుతోంది. నేను అమ్మ వంక చూశాను. అమ్మ తల వంచుకుని ఉంది. తల ఎత్తకుండానే, "అడిగింది కదా. చెప్పు" అంది.

"బ్లేమ్" అన్నాను.

"ఐ టేక్ బ్లేమ్" అంది పెద్దమ్మ.

మధ్యలో ఒక చిన్న మాట తప్పిపోయింది. నేను దిద్దలేదు.

ఆమె మేనేజరుగారి వైపు తిరిగింది. "మాడ్చింది నేను బాబూ. ఎవరూ ఏదీ పట్టుకుపోలేదు. నేను చెడగొట్టినవి వీళ్లు బాగుచేసి తెస్తున్నారు. అనాల్సింది నన్ను అను." అని ఎడమచేత్తో తన కుడిచేతి వేళ్లు ఒక్కొక్కటే విప్పింది. చివరి వేలు విడిపించాక సుద్దముక్క జారి కింద పడింది.

మేనేజరుగారు ఆ చెయ్యి వంక చాలాసేపు చూశారు. రోజూ అందరి చేతులే చూసే మనిషి, ఈ చేతిని అప్పుడే మొదటిసారి చూసినట్టు చూశారు.  లేచి వెళ్లిపోయారు.

కథ అక్కడితో బాగుపడిందని రాయాలని ఉంది కానీ, జరిగింది రాస్తాను. అమ్మ మీద పడ్డ నింద పోయింది, ఆమె బల్ల ఆమెకు మిగిలింది. ఇక ఇస్త్రీ వద్దని పెద్దమ్మకు చెప్పేశారు, గదికి వేరే తాళం పడింది. ఆమె ట్రంకుపెట్టెను గుండీలక్కా అమ్మా చెరోవైపు పట్టుకుని గుండీలక్క ఇంటికి చేర్చారు. ఆ మర్నాడే రోలరు బాగుచేసేవాళ్లు వచ్చారు. ఆఫీసు ఉద్యోగం నాకు రాలేదు. "నీకు తెలిసి కూడా నాకు చెప్పలేదు" అన్నారు మేనేజరుగారు. అది నిజమే. ఇప్పుడు వేరేచోట పిల్లలకు ఇంగ్లీషు చెప్తున్నాను. 'టేక్' దగ్గరికి వచ్చినప్పుడు ఏ వాడుకనూ వదలను.

పెద్దమ్మ గుండీలక్క ఇంటి అరుగు మీద కూర్చుని ఎడమచేత్తో దారాలు కత్తిరిస్తుంటుంది. ఎప్పుడు వెళ్లినా, "ఏమ్మా, ఆ మాట కొత్తగా ఇంకేమన్నా పని నెత్తిన వేసుకుందా?" అని అడుగుతుంది.

మీకు ఒక చిన్న మనవి. ఏ ఊళ్లోనైనా, ఏ హోటల్లోనైనా పడుకున్నప్పుడు మీ వీపు కింద, దుప్పటి నడిమధ్యన, సన్నటి కుట్టు తగిలితే వెంటనే బెల్లు కొట్టకండి. పరుపు కిందికి మడిచిన అంచులు తీసి, రెండూ కలిపి చూడండి. అక్కడ ఇస్త్రీపెట్టె ఆకారం కనపడితే మా ఆవిరి పెద్దమ్మను ఒక్కసారి తలుచుకోండి. అంచులు మళ్లీ దోపేసి పడుకోండి.